చార్జి అప్పగింత

మా పురపాలక కార్యాలయంలో నెలకోసారి వచ్చే సిబ్బంది పత్రికను చదివే మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటాను. అది నాలుగు పేజీలు. మొదటి పేజీలో కమిషనరుగారి సందేశం, రెండో పేజీలో పదవీ విరమణ చేసినవాళ్ళ ఫొటోలు, ఆఖరి పేజీలో కుర్చీలోంచి లేవకుండా నడుం నొప్పి తగ్గించుకునే ఉపాయాలు. మిగతావాళ్ళు దాన్ని టిఫిను డబ్బా కింద పరుచుకుంటారు. నాకు మాత్రం మూడో పేజీ కావాలి. శిక్షణలు, శాఖాపరమైన పరీక్షలు, పదోన్నతులు అక్కడే వేస్తారు. పదిహేడేళ్ళుగా ప్రతి నెలా ఆ పేజీలో నన్ను నేను వెతుక్కుంటున్నాను.

ఆ సోమవారం దొరికాను.

"రిజిస్ట్రేషన్ అధికారుల శిక్షణ, నాలుగు నెలలు, వసతితో సహా. మన కార్యాలయానికి కేటాయించిన సీటు ఒకటి. ఎంపికైనవారు: జనన మరణాల విభాగం, మూడో నంబరు కౌంటరు."

మూడో నంబరు కౌంటరంటే నేనే! గుమస్తాగా చేరి గుమస్తాగానే ఇంటికి పోతాననుకున్న నేను! ఎగిరి లేచిన ఊపుకి స్టాంపు ప్యాడు కిందపడి నేలంతా నీలం రంగు అంటుకుంది. కిటికీ అవతల నిలబడ్డ పెద్దమనిషి హడలిపోయాడు.

"ఏమైందమ్మా? నా కాగితం పోయిందా?"

"పోవడమేంటండీ, వచ్చేసింది!" అంటూ గురువారం రమ్మన్న సర్టిఫికెట్టును అప్పటికప్పుడు ముద్ర కొట్టి ఆయన చేతిలో పెట్టాను. నిజానికి అది శుక్రవారం నుంచీ సిద్ధంగానే ఉంది. అడిగిన వెంటనే ఇచ్చేస్తే మన పనికి విలువేముంటుందని నేను కాస్త నానబెడుతూ ఉంటాను. నన్ను మెచ్చుకోమని చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను.

మా ఆయనకి ఫోను చేశాను. ఆయనది కుట్టు దుకాణం. మిషను చప్పుడులో మొదట సగం వినిపించలేదు. వినిపించాక మిషను ఆగింది.

"నాలుగు నెలలు ఇంట్లో ఉండవా?" అన్నాడు.

"ఉండను. వంట నువ్వే చేసుకోవాలి."

"కాజాలు కుట్టేవాడికి కూరగాయలు తరగడం ఒక లెక్కా? వెళ్ళు, వెళ్ళు. ముందు రెండు మంచి జాకెట్లు కుట్టి పెడతా, అధికారి ముఖానికి తగ్గట్టు," అని నవ్వాడు. ఆ నవ్వు విని నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ శిక్షణకి వయసు పరిమితి నలభై అయిదు. నాకు వచ్చే నెలతో నలభై అయిదు నిండుతాయి. ఈసారి తప్పితే మూడో పేజీతో నాకిక పనిలేదు.

మధ్యాహ్నం సూపరింటెండెంటుగారు పిలిచారు. కాళ్ళు నేలమీద ఆనకుండా వెళ్ళాను. ఆయన అభినందనలు చెప్పి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళజోడు తుడుచుకుంటున్నారంటే కడుపులో ఏదో ఉన్నట్టు లెక్క.

"తాళాలక్కా," అన్నారు. ఆఫీసులో అందరూ నన్ను అలాగే పిలుస్తారు, ఏడు బీరువాల తాళాల గుత్తి నా నడుముకే ఉంటుంది కనుక. "నువ్వు లేకపోతే ఆ సెక్షను ఒక్కరోజు కూడా నడవదని నువ్వే నాకు వందసార్లు చెప్పావు. పోయిన వేసవిలో నువ్వు పదిహేను రోజులు సెలవు పెడితే నా ఫోను మోగి మోగి పగిలిపోయింది. ఇప్పుడు నాలుగు నెలలంటున్నావు."

"ఎవరో ఒకరు చూసుకుంటారు సార్."

"ఎవరో ఒకరు కాదు. చార్జి రాతపూర్వకంగా అప్పగించాలి. తీసుకున్నవాళ్ళు శుక్రవారం నా ముందు మూడు గంటలు కౌంటరు నడపాలి. నువ్వు జనం బల్ల మీద కూర్చుంటావు. నీ నోట్లోంచి ఒక్క మాట వచ్చినా, ఒక్క అర్జీ తిరిగి వెళ్ళినా, నిన్ను విడుదల చెయ్యను. అప్పుడు జాబితాలో రెండోవాళ్ళు వెళ్తారు."

"రెండోవాళ్ళెవరు సార్?"

ఆయన మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. "పన్నుల విభాగం. స్కేలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కౌంటరుకి సరిగ్గా ఎదురుగా, నడవకి అవతల కూర్చునే మనిషి ఆమె. ఏ కాగితమైనా స్కేలు పెట్టి కింద గీత గీయనిదే సంతకం చెయ్యదు, అందుకే ఆ పేరు. తొమ్మిదేళ్ళ క్రితం ఒక ఫ్యాను విషయంలో మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. ఫ్యాను గాలికి నా రిజిస్టర్ల పేజీలు లేస్తున్నాయని నేను, ఫ్యాను లేకపోతే ఉడికిపోతున్నానని ఆమె. ఆ గొడవతో మాటలు ఆగిపోయాయి. అటెండరు బాబాయి మధ్యలో నిలబడి "వాళ్ళు అడుగుతున్నారు", "వీళ్ళు చెబుతున్నారు" అని మా ఇద్దరి మాటలూ మోస్తుంటాడు.

సరే, ఎవరో ఒకరిని పట్టుకుందామని ఆఫీసంతా తిరిగాను. లైసెన్సులాయనకి నడుం నొప్పి. సిబ్బంది పత్రిక ఆఖరి పేజీ చదవమన్నాను, నవ్వలేదు. వీధి దీపాలాయనకి ఆడిటు ఉందట, ఎప్పుడని అడిగితే నీళ్ళు నమిలాడు. నీటి విభాగం అమ్మాయి చేతులు జోడించి, "అక్కా, మీ కౌంటరు తప్ప ఇంకేదైనా అడగండి" అంది. పదిహేడేళ్ళుగా నా సీటు ఎంత కష్టమో అందరికీ కథలు కథలుగా చెప్పిన నోరు నాదే. అందరూ నమ్మేశారు మరి!

మంగళవారం ఉదయం అటెండరు బాబాయి నా బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అమ్మా, వాళ్ళు చెబుతున్నారు. చార్జి వాళ్ళు తీసుకుంటారట."

"వాళ్ళంటే?"

బాబాయి నడవకి అవతల చూశాడు. స్కేలు తల వంచుకుని గీత గీస్తోంది.

నేను ఓడిపోతే ఆ సీటు దక్కేది ఆమెకే. అలాంటిది ఆమే నా కౌంటరు పరీక్షకి కూర్చుంటానంటోంది. కావాలని ఒక్క అర్జీ వెనక్కి పంపితే చాలు, నేనిక్కడే, ఆమె అక్కడ. కానీ వేరే దారి లేదు. లేచి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ నడవ దాటాను.

"మీరు నిజంగానే తీసుకుంటారా?" అన్నాను.

"తీసుకుంటాను. కానీ అన్నీ చెప్పాలి. దాచకూడదు," అంది ఆమె, స్కేలు పక్కన పెట్టి.

మూడు రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. పట్టుదల తలకెక్కింది. ఏ బీరువాకి ఏ తాళం, ఏ తాళం పైకెత్తి తిప్పితేనే పడుతుంది, కంప్యూటర్లో ఏ సంవత్సరం నుంచి ఉన్నాయి, అంతకుముందువి ఏ అరలో ఉన్నాయి, ఆసుపత్రి నుంచి వచ్చే చీటీలో ఆడా మగా తప్పుపడితే ఎవరికి ఫోను చెయ్యాలి, కవలలు పుడితే ఎన్ని వరసలు వదలాలి. నేను చెబుతుంటే ఆమె రాసుకుంది. ప్రతి అంశం కింద ఒక గీత. చెబుతున్నకొద్దీ నాకే ఉత్సాహం వచ్చింది. ఇన్ని విషయాలు నాకు తెలుసని నాకే తెలియదు! గురువారం సాయంత్రానికి చార్జి జాబితా ముప్ఫై ఒక్క అంశాలైంది.

"అయిపోయినట్టేనా?" అంది స్కేలు.

అక్కడ నేనొక వెధవ పని చేశాను. "అయిపోయింది" అన్నాను.

ముప్ఫై రెండోది ఉంది. ఎప్పుడో అరవై ఏళ్ళ కిందట, పాత మిల్లు కాలనీని పురపాలకంలో కలిపిన కొత్తలో, రెండేళ్ళపాటు ఖాళీ జననాల రిజిస్టర్లు పైనుంచి అందలేదు. అప్పటి గుమస్తా, ఏడో నంబరు మరణాల రిజిస్టరును తలకిందులుగా తిప్పి, వెనక నుంచి ఆ కాలనీ జననాలు రాసుకున్నాడు. ఏ సూచికలోనూ ఈ సంగతి లేదు. చేరిన పదో ఏట బూజు దులుపుతుంటే నా కంటపడింది. అప్పటి నుంచి మిల్లు కాలనీ వాళ్ళు ఎవరొచ్చినా, అందరూ పేరు లేదన్న మనిషికి నేను చిటికెలో పేరు తీసి చూపిస్తాను. వాళ్ళు చేతులెత్తి దండం పెడతారు. ఆ ఒక్కటీ నా దగ్గరే ఉంచుకోవాలనిపించింది. నాలుగు నెలల్లో ఒక్కసారైనా సూపరింటెండెంటుగారు నాకు ఫోను చేసి "తాళాలక్కా, నువ్వే దిక్కు" అనాలని. అంతే. మిల్లు కాలనీ వాళ్ళు వచ్చేది ఏడాదికి నాలుగైదుగురు. శుక్రవారమే వస్తారా ఏంటి, అనుకున్నాను.

శుక్రవారం పదిన్నరకి మా ఆయన కుట్టిన కొత్త జాకెట్టు వేసుకుని, సంచీ సర్దుకుని మరీ ఆఫీసుకి వచ్చాను. సాయంత్రం అయిదున్నరకి బస్సు. సూపరింటెండెంటుగారు నా కౌంటరు వెనక కుర్చీ వేసుకుని, చార్జి జాబితా ఒళ్ళో పెట్టుకున్నారు. స్కేలు నా కుర్చీలో కూర్చుంది. నేను జనంతోపాటు బల్ల మీద.

పదిహేడేళ్ళలో ఆ బల్ల మీద నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఒక కాలు పొట్టిదని, ఎవరైనా లేస్తే మిగతావాళ్ళు పక్కకి ఒరుగుతారని నాకు తెలియదు. అక్కడి నుంచి చూస్తే కౌంటరు కిటికీ చాలా ఎత్తులో ఉంది, లోపలి మనిషి నుదురు తప్ప ఏమీ కనిపించదు. జనం ఎందుకు మునివేళ్ళ మీద నిలబడి అరుస్తారో అప్పుడు అర్థమైంది. నేనేమో అన్నాళ్ళూ వాళ్ళకి మర్యాద తెలియదనుకున్నాను.

స్కేలు దడదడలాడించేసింది. మొదటి గంటలో పద్నాలుగు అర్జీలు! కాగితం అందుకోవడం, చదవడం, ముద్ర, గీత, సంతకం, "తర్వాత ఎవరండీ?" చంటిబిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. బిడ్డ పేరులో ఒక అక్షరం సరిచెయ్యడానికి నేను మూడు రోజులు తిప్పేదాన్ని, ఆమె పది నిమిషాల్లో చేసిచ్చింది. నాకు కడుపు మండాలి కదా? మండింది కూడా, కొంచెం. కానీ గడియారం ముల్లు కదులుతున్నకొద్దీ నా ఒంట్లో సంబరం పొంగుతూనే ఉంది. పన్నెండు. పన్నెండున్నర. ఇంకొక్క గంట! పెదవులు బిగబట్టి, ఒళ్ళో చేతులు నలుపుకుంటూ ముళ్ళ మీద ఉన్నదానిలా కూర్చున్నాను.

అప్పుడు నా పక్కన ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. బల్ల అటు ఒరిగింది. వాచ్‌మన్ యూనిఫారం, మోచేతి దగ్గర మాసిక. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"ఎంతసేపవుతుందమ్మా?" అన్నాడు.

నేను తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలియదు. సూపరింటెండెంటుగారు మా వైపే చూస్తున్నారు.

"పింఛనుకి వయసు రుజువు కావాలన్నారు," అని ఆయన తనంతట తనే మొదలుపెట్టాడు. "పోయిన వేసవిలో వచ్చాను. ఇక్కడ ఉండే ఆవిడ సెలవట. ఇంకెవరో వెతికి, పేరు లేదని చీటీ ఇచ్చారు. ఆ చీటీ పట్టుకుని ఎనిమిది నెలలుగా కోర్టు చుట్టూ తిరుగుతున్నానమ్మా. మొన్న వకీలుగారన్నారు, ఇంకోసారి అడిగి చూడు, ఈసారి కూడా లేదంటే కట్టిపెట్టెయ్ అని. మాది మిల్లు కాలనీ."

ఆయన తిరుగుతున్నది పేరు లేక కాదు. అది ఎక్కడుందో చెప్పకుండా నేను సెలవు మీద వెళ్ళాను కనుక. ఆఫీసువాళ్ళు ఫోను చేస్తే చెబుదామనుకున్నాను, ఆ ఫోను రానేలేదు. "ఆవిడ" పక్కనే కూర్చుందని ఆయనకి తెలియదు. నా ముఖం పాలిపోవడం చూసి, "నీకు ఒంట్లో బాగాలేదా తల్లీ? నీళ్ళు తాగు," అని తన సీసా ఇచ్చాడు. తాగాను. మరేం చెయ్యను?

ఆయన వంతు వచ్చింది. మునివేళ్ళ మీద లేచి కవరు అందించాడు. స్కేలు చదివింది. సంవత్సరం చూసి, సూచిక తీసి, వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చింది. పేజీ తిప్పింది. ఇంకో సూచిక తీసింది. అందులోనూ లేదు. సూపరింటెండెంటుగారు ముందుకి వంగారు.

"లేదామ్మా?" అన్నాడు ముసలాయన. ఆ గొంతులో కోపం కూడా లేదు.

స్కేలు తలెత్తింది. ఆయన్ని కాదు, ఆయన భుజం మీదుగా తిన్నగా నన్ను చూసింది. చెయ్యి సూచిక మీదే ఉంది, కదలదు. నాకు అర్థమైపోయింది. "లేదు" అని ఒక్క మాట అంటే శిక్షణ ఆమెది. నేను ఒక్క మాట అన్నా శిక్షణ ఆమెదే. ఎటు చూసినా నేను అయిపోయాను. పదిహేడేళ్ళు, నలభై అయిదో ఏడు, సంచీలో మడతపెట్టిన రెండో జాకెట్టు, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది. నోరు విప్పడానికి నాకు ధైర్యమేం రాలేదు, అబద్ధమెందుకు. కానీ ఆ మనిషి ఇచ్చిన నీళ్ళు ఇంకా నా గొంతు దిగలేదు.

లేచాను. బల్ల అటు ఒరిగి, చివర కూర్చున్నాయన తూలాడు. నోరు తెరిచాను.

సరిగ్గా అప్పుడే స్కేలు కుర్చీ గర్రుమంది. లేచి, జననాల అరవైపు కాదు, మరణాల బీరువా వైపు నడిచింది. పైకెత్తి తిప్పాల్సిన తాళాన్ని పైకెత్తి తిప్పింది. ఏడో నంబరు రిజిస్టరు తీసి, బల్ల మీద పెట్టి, తలకిందులు చేసి, వెనక నుంచి తెరిచింది.

"మీ నాన్నగారు నేతపనిలో ఉండేవారా?" అంది.

"అవునమ్మా!"

"ఇదిగోండి మీరు. కార్తీకంలో మంగళవారం పుట్టారు," అంది. ముసలాయన కిటికీ చువ్వలు పట్టుకుని ఏడ్చేశాడు. బల్ల మీద జనం చప్పట్లు కొట్టారు. నేను లేచినదాన్ని లేచినట్టే నిలబడి, నోరు మూసుకుని, వాళ్ళతోపాటు పిచ్చిదానిలా చప్పట్లు కొట్టాను.

ఒంటిగంటన్నర అయింది. సూపరింటెండెంటుగారు జాబితా పైనుంచి కింది దాకా చూశారు. "ఏడో నంబరు సంగతి ఇందులో లేదే. నీకెవరు చెప్పారు?" అని స్కేలుని అడిగారు.

"ఆవిడే చెప్పారు సార్. రాసుకోవడం నేనే మరిచిపోయాను," అంది ఆమె, రెప్ప వెయ్యకుండా.

ఆయన జాబితా కౌంటరు మీద పెట్టి, విడుదల ఉత్తర్వు తెస్తానని తన గదిలోకి వెళ్ళారు. నేను కౌంటరు లోపలికి వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాను.

"నీకెలా తెలుసు?" అన్నాను. ‘మీరు’ అనడం మరిచిపోయాను.

"ఏడేళ్ళ కిందట నువ్వు ఆ రిజిస్టరు తిరగేసి చిన్నపిల్లలా గంతేశావు. ఎదురుగా కూర్చున్నదెవరు? నాకు కళ్ళు లేవా?"

"మరి లేదని చెప్పి ఉంటే నువ్వే వెళ్ళేదానివిగా?"

"కౌంటరు నడపడం చేతకాలేదని రాయించుకుని వెళ్ళాలా శిక్షణకి?" అని కస్సుమంది. "నాకు నలభై ఒకటే. వచ్చే ఏడాది వెళ్తాను, నా సీటుకి నేను."

"మరి అంతసేపు ఎందుకు ఆగావు? నా ప్రాణం పోయింది."

ఆమె జాబితాలో ఆఖరి గీతను సరిచేసింది. "లేస్తావో లేవవో చూద్దామని," అంది.

నా చెంప చెళ్ళుమన్నట్టయింది. అదే సమయంలో ఒక బరువు దిగినట్టూ అయింది. ఆమె చేతిలోంచి పెన్ను లాక్కుని, జాబితా నా వైపు తిప్పుకుని, ముప్ఫై ఒకటి కింద రాశాను: "32. ఏడో నంబరు మరణాల రిజిస్టరు తలకిందులుగా తిప్పి వెనక నుంచి చూడాలి. మిల్లు కాలనీ జననాలు, రెండేళ్ళవి. ఈ అంశం నేను అప్పగించలేదు, దాచుకున్నాను. వారు తమంతట తామే తెలుసుకున్నారు." కింద నా సంతకం.

"నీకు మతిపోయిందా? ఆయన చదువుతారు!" అంది స్కేలు.

చదివారు. ఉత్తర్వు కాగితం ఒక చేత్తో, జాబితా ఇంకో చేత్తో పట్టుకుని రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీశారు. ఈసారి ఆయన అద్దాలు తుడుచుకోలేదు, వాటిని జేబులో పెట్టుకున్నారు.

"ఆ ముసలాయనకి కోర్టులో చూపించుకోడానికి ఒక ఉత్తరం కావాలి, పాత చీటీ తప్పని. ఎవరు రాస్తారు?"

"నేను సార్. ఇప్పుడే."

"రాసి నా బల్ల మీద పెట్టు." ఉత్తర్వు మీద గబగబా సంతకం గీకి నా ముందుకి తోశారు. "బస్సు ఎన్నింటికి?"

"అయిదున్నరకి సార్."

"అయితే త్వరగా కానివ్వు."

ఉత్తరం రాసేసరికి మూడున్నర. పెద్దాయనను ఆ బల్ల మీదే కూర్చోబెట్టి, నేనెవరో చెప్పి, క్షమించమని అడిగి, కాగితం ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఏమన్నాడో నేను ఎవరికీ చెప్పను. తాళాల గుత్తి నడుము నుంచి తీసి స్కేలు ముందు పెట్టాను. పక్కన ఖాళీగా, తేలిగ్గా అనిపించి రెండుసార్లు తడుముకున్నాను.

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగుతున్నాను, పరుగులాంటి నడక. కింద గుమ్మం దగ్గర ఒకావిడ చంటిబిడ్డతో దారి వెతుక్కుంటోంది.

"అమ్మా, పుట్టిన సర్టిఫికెట్లు ఎక్కడ?"

"పైన, మూడో నంబరు కౌంటరు," అన్నాను. "ఆవిడనే అడగండి. ఆవిడకి అన్నీ తెలుసు."